తిరుమల్ బొమ్మ

గ్యాలరీ గేటు దాకా వచ్చి నర్సింగ్ మూడోసారి వెనక్కి తిరిగాడు. చంకలో పొడవాటి అట్ట గొట్టం. ఏప్రిల్ ఎండకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంట. లోపల జనం ఉండరు. మళ్ళీ మూడింటికే వస్తారు. ఈలోపే పని కావాలి.

పట్టుబడితే పోలీసులు. వీసా క్యాన్సిల్. ఆ తర్వాత ఫ్లైట్ ఎక్కించడమే.

జగిత్యాల పక్క పల్లె నుంచి షట్టరింగ్ కార్పెంటర్‌గా ఖతర్ వచ్చి పదకొండేళ్ళయింది. కాంక్రీటు కోసం పలకలు కొట్టిన చేతులు అతనివి. ఏడాది కింద వాళ్ళ లేబర్ క్యాంప్‌కు మరీహా మేడమ్ వచ్చింది. హైదరాబాద్ వాళ్ళమ్మాయి. పుట్టి పెరిగింది దోహాలో. జపాన్ వెళ్ళి చెక్క అచ్చులతో బొమ్మలు వేయడం నేర్చుకుంది. క్యాంప్ మనుషుల మొహాలను ఆ పాత పద్ధతిలో అచ్చు వేయాలని ఆమె పట్టుదల. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసుకుంది. చెక్కడానికి మంచి చెయ్యి కావాలంటే అందరూ నర్సింగ్‌ను చూపించారు. కంపెనీతో మాట్లాడి అతన్ని తన స్టూడియోలో పెట్టుకుంది.

గీసిన పల్చటి కాగితాన్ని చెక్క మీద బోర్లా అతికించాలి. గీత మిగలాలి, చుట్టూ ఉన్నదంతా ఉలికి లేచిపోవాలి. ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. ఆపైన తడి కాగితం పరిచి గుండ్రటి మెత్తతో రుద్దితే మొహం తేలుతుంది. మొదట్లో మేడమ్ దగ్గరుండి నేర్పింది. ఆర్నెల్లు తిరిగేసరికి, "నా గీత కన్నా మీ ఉలే బాగా మాట్లాడుతోంది, నర్సింగ్ భాయ్" అంది.

హెల్మెట్ కింద తువ్వాల చుట్టిన పోశన్న. బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న అర్ఫాత్. అలా ఒక్కొక్కరూ కాగితం మీదికి వచ్చారు. పోయిన ఆదివారం గ్యాలరీ గోడ ఎక్కారు.

ఆ రోజే ఊరి నుంచి స్వర్ణ ఫోన్ చేసింది. తిరుమల్ భార్య. తిరుమల్, నర్సింగ్ ఏడేళ్ళు పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళు. రెండేళ్ళ కింద డ్యూటీ నుంచి వచ్చి స్నానానికి పోయిన తిరుమల్ గుండె ఆగి అక్కడే కూలిపోయాడు.

"అన్నా, ఆడ మీ క్యాంపోళ్ళ బొమ్మలు గోడకు పెట్టిన్రట గద? పోశన్న వాళ్ళింట్ల జెప్పిండట. మా ఆయినది గూడ పెట్టిన్రా?"

నర్సింగ్ ఒకప్పటి తిరుమల్ మంచం వైపు చూశాడు.

"పెట్టిన్రు చెల్లె."



"పిల్ల కడుపుల ఉండంగనే పాయె. బాపు అంటె ఎవలో దానికి ఎర్కనే లేదు. ఆ బొమ్మ ఒక్కసారి నా చేతికొస్తే సాలన్నా" అంది స్వర్ణ.

అప్పటి నుంచి నర్సింగ్‌కు కుదురు లేదు. పోసుకున్న చాయ్ చల్లారిపోయేది. రాత్రిళ్ళు స్టూడియోలో ఒక్కడే చెక్క ముందు కూర్చునేవాడు. అలవాటైన ఉలి జారి బొటనవేలు తెగింది.

"ఏమైంది భాయ్, పరేషాన్‌లో ఉన్నారు?" అని మేడమ్ అడిగింది.

"ఏం లేదు మేడమ్."

చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఆమె ఫోన్‌లో ఎవరికో గట్టిగా చెబుతోంది. "బొమ్మల పుస్తకం కూడా అచ్చయిపోయింది. ఏ బొమ్మ ఎక్కడుందో అక్కడే ఉండాలి. ఒక్కటి కదిలినా నా పరువు పోతుంది."

ఇక ఆమెకు తెలియకుండానే చేయాలనుకున్నాడు.

నాలుగోసారి మాత్రం వెనక్కి తిరగకుండా గేటు దాటాడు. సెక్యూరిటీ జహాంగీర్ గొట్టం వైపు చూశాడు.

"ఇస్‌మే క్యా హై?"

"కాగజ్ భాయ్."

రోజూ మేడమ్ వెంట వచ్చే మనిషే. జహాంగీర్ చెయ్యి ఊపాడు. "యల్లా, జల్దీ."

లోపల ఏసీ చలి. చెమట ఒక్కసారిగా ఒంటి మీదే చల్లబడింది. బొమ్మలకు అద్దాలు లేవు, చట్రాలు లేవు. చిన్న చిన్న అయస్కాంతాల మీదే నిలబడి ఉన్నాయి. నర్సింగ్ ఎవరి మొహమూ చూడకుండా చివరి మూలకు నడిచాడు. పైన కెమెరా ఉంది. దానికి వీపు తిప్పాడు.

గొట్టం మూత తీశాడు. ఒక అయస్కాంతం జారి నేల మీద టంగుమంది. వంగి తీసుకున్నాడు. ఎవరూ రాలేదు.

తిరుమల్ అతని వైపే చూస్తున్నాడు. నవ్వితే బయటికొచ్చే వంకర పన్ను, చెవి వెనక పెట్టుకున్న బీడీ. ఏందిరా గీ దొంగ పని అన్నట్టున్నాడు.

"జర ఊకోరా" అన్నాడు నర్సింగ్, పెదవులు కదిపీ కదపకుండా.

రెండు నిమిషాల్లో బయటపడ్డాడు. గొట్టం చంకలోనే ఉంది. జహాంగీర్ వైపు చూడలేదు. పరుగెత్తకూడదని తనకు తానే చెప్పుకుంటూ బస్ స్టాప్ దాకా నడిచాడు. క్యాంప్ వైపు వెళ్ళే బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది. అదీ పోయింది.

ఫోన్ మోగింది. మరీహా మేడమ్.

"ఎక్కడున్నారు? వెంటనే గ్యాలరీకి రండి."

వెళ్ళేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది. నర్సింగ్ గోడకేసి చేతులు చాచడం జహాంగీర్ కెమెరాలో చూశాడట.

"మిమ్మల్ని ఇంట్లో మనిషిలా చూశాను" అంది ఆమె. "అడిగితే ఇచ్చేదాన్ని కదా!"

నర్సింగ్ తల ఎత్తలేదు.

లోపల జహాంగీర్ లిస్టు పట్టుకుని ఒక్కో బొమ్మ ముందూ ఆగి లెక్కపెడుతున్నాడు. చివరి మూల దాకా వెళ్ళాడు. తల గోక్కున్నాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"ఏది పోయింది?" మేడమ్ హిందీలో గట్టిగా అడిగింది.

"ఏదీ పోలేదు మేడమ్, లిస్టులో ఇరవై నాలుగే ఉన్నాయి, గోడ మీద ఇరవై ఐదున్నాయి."