నీలం టైల్స్

“ఇదిగో వంటగది. చూపు తిప్పుకోండి చూద్దాం!” అంది ఇన్షిరాహ్, వెంటబెట్టుకొచ్చిన తల్లీకూతుళ్ళతో.

కైరోలోని ఆమె ఫ్లాటులో అద్దెకుంటున్న నగ్వా పొంగిపోయింది. తన నాలుగు బంగారు గాజులమ్మి వేయించిన నీలం టైల్స్ అవి. “నీ ఇల్లే అనుకుని చేయించుకో” అన్నది ఈ ఇన్షిరాహ్ పిన్నే. సంతోషంగా అందరికీ మందార షర్బత్ అందించింది.

“మరి అద్దెవాళ్ళో?” గ్లాసందుకుంటూ అడిగింది ఆ తల్లి.

“నెలాఖరుకి ఖాళీ చేయిస్తాను. ఫ్లాటు చూపించకుండా మావాడికి మీ పిల్లనిమ్మని అడుగుతానా?”

నగ్వా పళ్ళెం గట్టు మీద పెట్టేసింది.

“పిన్నీ, మరి నేను...”

పెళ్లికూతురు గోడ తడిమి ముఖం చిట్లించింది. “ఈ నీలం నాకొద్దు అత్తయ్యా.”

“అంతేకదా బంగారూ, పగలగొట్టించేద్దాం!” ఇన్షిరాహ్ నగ్వా వైపు తిరిగింది. “అమ్మాయ్, ఈ టైల్స్ వేసిన మేస్త్రీ ఫోన్ నంబరు ఇచ్చి మరీ వెళ్ళు. పనివాడంటే వాడే!”