మూడు పొరల ఓడ

“ఇవి కార్డులా, చిత్తుకాగితాలా?”

బొగ్గు యార్డు మేనేజరు భీమశంకరరావు ఒక్కో కార్డునూ, కుళ్లిన చేపను తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి చూస్తున్నాడు. యార్డు పక్కనున్న జాలర్ల పేట ఆడవాళ్లకు స్టెన్సిళ్లు, అచ్చులు, రంగు డబ్బాలు ఇచ్చి, కొత్త సంవత్సరం కార్డులు చేయమన్నది ఆయన కంపెనీయే.

“అచ్చంతా అలుక్కుపోయింది. ఈ పువ్వేంటి, పీతలా ఉంది? పెద్దపెద్దవాళ్లకి పంపాల్సినవమ్మా ఇవి. మీకు నేర్పించడం మా బుద్ధి తక్కువ.”

“నానూ ఒకటి సేసినాను, సూడండి బాబూ,” అంటూ ఆ ఆడవాళ్లలోంచి నూకరత్నం తన కార్డు ముందుకు తోసింది.

ఆయన మొహం విప్పారింది. తెల్లటి అట్ట మీద అడుగున లేత బూడిద రంగు సముద్రం, దాని మీద కాస్త ముదురుగా క్రేన్లు, ఆ పైన కాటుకలాంటి ఓడ.

“అబ్బ! పనంటే ఇదీ. ఛైర్మన్ గారికి ఇదే పంపుతాను. ఈ షేడు మా డబ్బాల్లో లేదే, మద్దిలపాలెం బజార్లో కొన్నావా?”

“కొన్లేదు బాబూ. స్టెన్సిల్ ఎట్టి, రంగుకి బదులు జిగురు రాసి డాబా మీద ఎట్టేసినాను. మీ యార్డు బొగ్గు దుమ్మే గాలికి వొచ్చి అంటుకుంది. సముద్రానికి ఒక్క రాత్రి సాలింది. ఓడకి మాత్రం మూడు రాత్రులు మళ్లీ మళ్లీ రాసినాను.”

భీమశంకరరావు చటుక్కున కార్డు వదిలేశాడు. వేళ్లు నల్లబడ్డాయి. జేబురుమాలుతో ఎంత రుద్దినా మరక అలాగే ఉంది.

“ఛీ, ఇది తుడిస్తే పోదా?”

నూకరత్నం నవ్వింది.

“మా పిల్లల ముక్కులు రోజూ తుడుత్తానే ఉన్నాం బాబూ. పోయిందేటి?”