నలభై కిలోల అత్తగారు

"సీటు ఒక్కటే ఉందమ్మా. చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకోండి. ఆవిడకి మాత్రం చోటు లేదు," అన్నాడు కండక్టర్, కోడలి వెనక నిలబడ్డ అత్తగారిని చూపిస్తూ.

ఊళ్ళోంచి బయటపడే ఆఖరి బస్సు అది. బాంబుల మోత అప్పటికే మార్కెట్ దాకా వచ్చేసింది.

"నువ్వెళ్ళవే. నాకేం, రేపో మాపో పోయేదాన్ని," అంది అత్తగారు.

"సరిహద్దు అవతల మీ అబ్బాయి కళ్ళు కాయలు కాసేలా చూస్తుంటే, మిమ్మల్నిక్కడ వదిలేసి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అని కసిరి, కోడలు కండక్టర్ వైపు తిరిగింది. "సామాను ఎంత తెచ్చుకోవచ్చు?"

"సీటుకి నలభై కిలోలు."

కోడలు రెండు సూట్‌కేసుల్నీ రోడ్డు పక్కకి తన్నేసింది. "అయితే ఈవిడే నా సామాను. రాసుకోండి."

కండక్టర్ రూల్స్ పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. సామానుకి ప్రాణం ఉండకూడదని అందులో ఎక్కడా లేదు. ఊరు తగలబడుతున్నా రూలు రూలే. "కాటా ఎక్కించండి," అన్నాడు.

నలభై మూడు.

"మూడు కిలోలు తగ్గించాలి."

"ఎలా తగ్గించమంటావు నాయనా, ఓ చెయ్యి తీసి పక్కన పెట్టనా? ఇన్నేళ్ళు దీని వంట తిని ఈ మాత్రం మిగలడమే గొప్ప!"

"నా వంట సంగతి తర్వాత. ముందు ఆ కోటు విప్పండి అత్తయ్యా."

కోటు, బూట్లు, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు వరసగా రోడ్డెక్కాయి. నలభై ఒకటి.

"నడుముకి ఏం కట్టుకున్నారు?"

"ఇంటి తాళంకప్ప."

"ఇల్లు నిన్ననే కూలిపోయింది కదా!"

"అందుకే ఇదైనా తెచ్చుకున్నాను."

కోడలు చెయ్యి చాపింది. అత్తగారు ఆ ఇనప తాళాన్ని ఒకసారి తడిమి ఇచ్చేసింది. సరిగ్గా నలభై.

కండక్టర్ ఆవిడ మెడలో సామాను చీటీ కట్టాడు. "పగిలే వస్తువా?"

"కాదు, పగలగొట్టే వస్తువు," అంది కోడలు.

అత్తగారు వెనక మూటల మధ్య కూర్చుంది. పళ్ళు లేకపోయినా మాట పదును తగ్గలేదు. ఎవరి మూట ఎంత మురికిగా ఉందో దారి పొడవునా చెబుతూనే ఉంది. వినేవాళ్ళు నవ్వుకున్నారు.

మధ్యాహ్నానికి సరిహద్దు గేటు వచ్చింది. ఒక సైనికుడు బస్సెక్కి కాగితం చదివాడు. "ఈ ఉదయం కొత్త ఆర్డరు వచ్చింది. మనుషుల్ని అవతలికి వదలం. అందరూ వెనక్కి వెళ్ళిపోవాలి. సామాన్లు మాత్రం తోపుడుబండి మీద చేరుస్తాం."

అప్పటికే మరో ఇద్దరు సైనికులు అత్తగారి మెడలో చీటీ చూసి, ఆవిడని మూటలతో పాటు బండి మీదకి చేర్చేశారు. కోడలు ఒక్క ఉదుటున కిందికి దూకి, పరిగెత్తుకెళ్ళి పాపని అత్తగారి ఒళ్ళో పెట్టింది.

సైనికుడు అడ్డం వచ్చాడు. "అవ్వా, ఈ పాప మనిషా, సామానా?"

మాటకి పది మాటలు అప్పజెప్పే అత్తగారు పాపని గట్టిగా పట్టుకుని, కన్నార్పకుండా, నోరు మెదపకుండా కూర్చుంది.

"సామానుని అడిగితే ఏం చెబుతుంది బాబూ?" అంది కోడలు. "గేటు తియ్యండి."