వెనక కారు

"ఎక్కరా నీల్, నిన్ను గుద్దినవాడు దొరికాడు," అన్నాడు శ్రీకర్, కారు తలుపు తీసి పట్టుకుని.

నీల్ చేతికర్ర వెనక సీట్లో పడేసి, మడత పడని కుడికాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. పోయిన వేసవిలో హానోవర్ శివార్లలో అవతలి కార్ల క్లబ్బుతో పందెం వేసుకున్నప్పుడు, వెనక నుంచి ఏదో కారు అతని కారుని గుద్ది పారిపోయింది. అది వాళ్లదేనని శ్రీకర్‌తో సహా తమ క్లబ్బులో అందరూ అన్నారు. ఆ కాలు ఇక ఇంతేనని డాక్టర్లు చెప్పేశారు.

"ఎవరు వాడు, అన్నా?"

"లూకాస్, ఆ అవతలి క్లబ్బువాడే. ఇవాళ వాణ్ని మనం గుద్దుతున్నాం. నువ్వు కళ్లారా చూడాలి."

కారు ఆటోబాన్ హైవే ఎక్కింది.

"వద్దన్నా. పోలీసులకి చెబుదాం."

"మళ్లీ పిరికితనమేనా? ఆ రోజూ అంతే. పందెం మధ్యలో బ్రేకేసి, చెయ్యి బయటపెట్టి, వెనక కారుని ముందుకి పొమ్మన్నావు!"

చెయ్యి ఊపిన సంగతి నీల్ ఎవరికీ చెప్పలేదు. అది చూడగలిగింది ఆ వెనక కారులో ఉన్నవాడొక్కడే. ఆ రోజు తాను ఊళ్లోనే లేనని ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు శ్రీకర్.

నీల్ తలతిప్పి చూశాడు. శ్రీకర్ అప్పటికే అతన్ని చూస్తున్నాడు.

"అన్నా, టాంక్‌స్టెల్లె దగ్గర కాస్త ఆపు. దాహమేస్తోంది."

శ్రీకర్ వేగం పెంచాడు. ఆ పెట్రోల్ బంకు వచ్చింది, వెనక్కి వెళ్లిపోయింది. తలుపుల తాళాలు టక్కుమని పడ్డాయి.