నీలవేణి చేతివాసి

"సచ్చిన ఇత్తనాలమ్మేవు సావుకారూ! ఒక్కటీ మొలవలేదు!"

నీలవేణి అరుపుకి అనకాపల్లి మెయిన్‌రోడ్డులోని ఆ విత్తనాల షాపులో బేరాలు ఆగిపోయాయి.

"ఈ టమాటా అందరికీ మొలిచింది. మీకే మొలవలేదేటమ్మా?" అన్నాడు షాపు యజమాని జుల్ఫికర్.

వెనకాల నిలబడ్డ ఆమె మొగుడు సోములు నవ్వాడు. "ఇత్తనం తప్పు కాదు సావుకారూ. దీని సెయ్యే మంచిది కాదు. ఏటేసినా మొలవదు."

కొండ మీద ఊరందరి ముందూ ఆ మాటే అన్నాడు. నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. చలి తగ్గనిమ్మని తను చెప్పినా వినకుండా, మంచులో నారు పోయించింది అతనే.

"నువ్వే సూడు!" అంటూ రొంటినున్న మూట తీసి బల్ల మీద పెట్టింది. మడిలోంచి తవ్విన విత్తనాలను తడిగుడ్డలో కట్టి, కొండ దిగే జీపు దొరికేదాకా రోజుల తరబడి రొంటినే దోపుకుని తిరిగింది.

మూట విప్పింది. గుడ్డనిండా తెల్లటి మొలకలు.

"మొలిచేయిగా!" జుల్ఫికర్ గొంతు పెంచాడు. "నా సరుకు సచ్చిందంటావా?"

నీలవేణి ఆ గుడ్డని తడిమింది. తన ఒంటి వేడికి ఇంకా వెచ్చగానే ఉంది. మడిలో మన్ను మాత్రం వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉండేది.

"మొలిసేయే!" సోములు మూట కోసం చెయ్యి చాపాడు.

"ముట్టకు!" అందామె. "నీ ఇత్తనం మంచిదే సావుకారూ." మొగుడి వైపు తిరిగింది. "నీ మాటిని మంచులో ఏత్తే బిగుసుకుపోయేయి. నా ఒంటి ఎచ్చకి మొలిసేయి. ఇప్పుడు సెప్పు, అందరూ ఇంటన్నారు. ఎవులి సెయ్యి మంచిది కాదు?"

మూటని మళ్ళీ రొంటిన దోపుకుని మెట్లు దిగిపోయింది.

సోములు చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.