సిబ్బంది క్షేమం

"మునిగింది," అన్నాడు రిటైర్డ్ కెప్టెన్, చేతిలోని పొడుగాటి కర్రను బల్లకు ఆనిస్తూ.

నీలం రంగు వేసిన ఆ పెద్ద బల్లే సముద్రం. దాని మీద చిన్నా పెద్దా ఓడల బొమ్మలు, మధ్యలో విమానవాహక నౌక. నౌకాదళం యుద్ధక్రీడ ఎప్పుడు పెట్టినా శత్రుపక్షం ఆడడానికి ఈ కెప్టెన్‌నే పిలుస్తారు. ఏ దారిన వచ్చినా ఆయన ముందు ముంచేది ఆ పెద్ద ఓడనే. చిన్న అధికారులు చాటుగా ముంచుడు మాస్టారంటారు.

"ఏం బావా, టీ తాగేదాకా అయినా బతకనివ్వవా దాన్ని?" అన్నాడు బల్లకు అవతల నిలబడ్డ అంపైరు. ఆయన కెప్టెన్‌కి స్వయానా బావమరిది.

"జలాంతర్గామి నీ టీ కోసం ఆగదోయ్."

అంపైరు నిట్టూర్చి, పక్కకు నెట్టిన ఓడను తన కర్రతో మళ్లీ బల్ల మధ్యకు జరిపాడు. "తేలింది. సిబ్బంది క్షేమం."

గోడవారగా కూర్చున్న కమిటీ అధ్యక్షురాలు తలెత్తింది. పాత ఓడ స్థానంలో కొత్తది కట్టాలా వద్దా అని ప్రభుత్వం ఈమెనే అడిగింది. ఆట చూడడం ఆమెకు ఇదే మొదలు.

"మునిగిన ఓడ ఎలా లేచిందండీ?"

"మా పద్ధతండీ," అన్నాడు అంపైరు. "ఓడ పోయిందని ఆట ఆపేస్తే మిగతావాళ్ల సాధన ఆగిపోతుంది. అందుకని ఆ మాట అనేసి సాగిస్తాం."

"బాగుంది. చచ్చినవాణ్ని లేపి పరుగుపందెం పెట్టినట్టు." ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. "ఇది పాత ఓడ బొమ్మ కదా? అది ఇప్పుడు లేదుగా. కొత్తదాని నమూనా ఆ అద్దాలపెట్టెలో ఉంది, అది పెట్టొచ్చుగా?"

వేళ్ల రాపిడికి ఆ బొమ్మ మీద రంగు ఎప్పుడో పోయింది.

"అలవాటైపోయిందండీ," అన్నాడు అంపైరు.

"సరే. అసలు మనలాంటి మధ్యరకం దేశానికి ఈ ఓడ అవసరమా?"

"అవసరమే. తీరం దాటి దూరం వెళ్తే మన విమానాలు అందవు. పైన గొడుగు లేకుండా మిగతా ఓడల్ని ఎండలోకి తోలినట్టే," అన్నాడు అంపైరు.

"ఆ గొడుగు పట్టుకోవడానికే ఊరంతా కావాలి," అన్నాడు కెప్టెన్ అలసటగా. "గోచీని ఎలుక కొరుకుతుందని పిల్లిని, పిల్లికి పాలకని ఆవును తెచ్చుకున్న సన్యాసి సంసారం మనది. దీన్ని కాపాడ్డానికి నాలుగు ఓడలు, వాటికి చమురు పోసేందుకు ఇంకొకటి. ఇక తీరాన్ని కాపాడేదెవరు? ఏళ్ల తరబడి చెబుతున్నాను. చెవిటివాడి ముందు శంఖం."

"నాకు వినబడుతోంది. కానీ మాటలు కాదు, ఆట చూసి నివేదిక రాస్తాను. కానివ్వండి."

ఈసారి కెప్టెన్ ఇంకో దిక్కు నుంచి వచ్చాడు. మిగతా ఓడలన్నీ అడ్డం పడినా దారి దొరికింది. ఆయనకెప్పుడూ దొరుకుతుంది.

"మునిగింది."

అంపైరు నోరు తెరిచాడు. ఆమె చెయ్యెత్తింది.

"వద్దు. మునిగింది మునిగినట్టే. మీరు గెలిచారు కెప్టెన్‌గారూ. కొత్త ఓడ వద్దనే రాస్తాను. ఈ తేల్చే పద్ధతి కూడా ఇవాళ్టితో మానిపిస్తాను. ఇది మనల్ని మనం మోసం చేసుకోవడం."

గెలిచిన రోజు ఒళ్లు తేలికవుతుందనుకున్నాడు కెప్టెన్ ఇన్నాళ్లూ. కాలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు.

అంపైరు జేబులో ఫోను మోగింది. "అక్క," అన్నాడు. కాసేపు విని, ఫోను అరచేత్తో మూశాడు. "ఇవాళ తేలిందా అని అడుగుతోంది. ఏం చెప్పను బావా?"

"ఇంట్లోనూ ఇదే ఆటా?" నవ్వింది అధ్యక్షురాలు. మిగతా ఇద్దరూ నవ్వలేదు.

"అమ్మా," అన్నాడు కెప్టెన్, "నివేదిక మీరన్నట్టే రాయండి. ఒక్క ముక్క మార్చొద్దు. ఈ ఒక్కసారికి మాత్రం దాన్ని తేల్చనివ్వండి."

"ముంచింది మీరేగా?"

"నేనే."

"మరి?"

ఆయన బావమరిది చేతిలోని ఫోను వైపు చూశాడు. ఆమె సరేనన్నట్టు తలూపింది.

అంపైరు ఈసారి కర్ర వాడలేదు. ఫోను బల్ల అంచున పెట్టి, ఓడను రెండు చేతుల్తో ఎత్తి బల్ల మధ్యలో పెట్టాడు.

"తేలింది బావా. సిబ్బంది క్షేమం."

"ఇంకోసారి అను," అన్నాడు కెప్టెన్ కళ్లు మూసుకుని.

ఆ పాత ఓడ నిజంగానే మునిగిన రోజు, ఆయన కొడుకు అందులో ఉన్నాడు.