వగైరా

“ఈ డబ్బా బండెక్కదు సార్.”

యూనివర్సిటీ ల్యాబు వ్యర్థాలు తీసుకెళ్ళడానికి వచ్చిన కొత్త డ్రైవరు ఆ మాట అనేసి, నిమ్మకు నీరెత్తినట్టు వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

నెరిసిన గడ్డం. మండుటెండలో కూడా మెడకి మఫ్లరు.

కెమిస్ట్రీ హెడ్డుగారికి చిర్రెత్తుకొచ్చింది. మధ్యాహ్నం తనిఖీవాళ్ళు వస్తున్నారు. ఆలోగా వెనక గదిలో ఒక్క డబ్బా కూడా మిగలకూడదు. మిగిలితే ల్యాబుకి తాళం పడుతుంది.

“ఎందుకెక్కదు? చీటీ అతికించాం కదా!”

“అతికించారు. ‘ఆసిడ్ వగైరా’ అని రాశారు.”

“అయితే?”

“ఆసిడ్‌ని ఎక్కిస్తాను. ఆ వగైరా ఎవరో చెప్పండి, ఆయన్నీ ఎక్కిస్తాను.”

ల్యాబులో అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. హెడ్డు అగ్గి మీద గుగ్గిలమయ్యారు.

“వేళాకోళమా? వగైరా అంటే... సింకు దగ్గర మిగిలినవీ, అవీ ఇవీ. అన్నిటికీ పేర్లు రాస్తూ కూర్చోమంటావా?”

“కలిపింది మీరు, రాయాల్సిందీ మీరే. మీ అమ్మాయికి సంబంధం తెచ్చి ‘కుర్రాడు వగైరా’ అంటే ఒప్పుకుంటారా సార్?”

“నీ పని మోయడం. నోర్మూసుకుని మోయి.”

“ఏం మోస్తున్నానో తెలిస్తే మోస్తాను. తెలియకుండా మోస్తే కొరివితో తల గోక్కున్నట్టే. అది కూడా నా తల ఒక్కటే అయితే సరే. దారిలో బడి ఉంది, బజారు ఉంది.”

“మీ ఓనరుకి ఫోన్ చేస్తాను. నీ ఉద్యోగం ఊడుతుంది!”

“చేయండి. నంబరు బండి మీద పెద్దక్షరాల్లో ఉంది. మావాళ్ళు అందులో వగైరా అని రాయలేదు.”

హెడ్డు ఫోన్ చేశారు. ఇంకొకణ్ణి పంపుతానని ఓనరు మాటిచ్చాడు.

డ్రైవరుకి చీమ కుట్టినట్టయినా లేదు. లేచి, వరండా గోడలో ఉన్న రాతిఫలకం ముందు నిలబడ్డాడు. చాలా ఏళ్ళ కిందట ఇదే ల్యాబు తగలబడ్డాక పెట్టిన రాయి అది.

‘మంటల నుంచి విద్యార్థులను కాపాడిన ఆచార్యులవారికి, అధ్యాపకులు వగైరాలకు కృతజ్ఞతలతో’ అని పైకే చదివాడు.

“ఇది ఎవరు రాశారు సార్?”

“నేనే. ఆ ప్రమాదం తర్వాతే ఇక్కడ చేరాను. ఏం, బాగోలేదా?”

“చూడగానే అనుకున్నా. డబ్బా మీద రాతా, రాయి మీద రాతా ఒకే చేతివి.”

మెచ్చుకున్నాడనుకుని హెడ్డు తలూపారు కూడా!

బండి తాళాలు మెట్టు మీద పెట్టి, ఆ డబ్బాని మిగతావాటికి దూరంగా జరిపి, డ్రైవరు వెళ్ళిపోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో చెప్పబోతే నవ్వుతూ ఓ మాట అని, భుజం తట్టి ముందుకు నడిచాడు.

తర్వాత వచ్చిన కుర్రాడు ఏమీ అడగలేదు. అన్నీ ఎక్కించాడు.

“మనిషంటే ఇలా ఉండాలి!” అన్నారు హెడ్డు.

బండి గేటు కూడా దాటలేదు. లోపల డబ్బా ఉబ్బి, మూత ఢామ్మని ఎగిరింది. ఎర్రటి పొగ. వెనక్కి వెళ్ళి తలుపు తెరిచిన కుర్రాడి రెండు చేతులూ కాలిపోయాయి. వాచ్‌మన్ అతన్ని లాక్కెళ్ళి కుళాయి కింద పెట్టకపోతే ఇంకా ఘోరమయ్యేది.

పొద్దున గది ఖాళీ చేసే తొందరలో, మిగిలిన స్పిరిట్‌ని ఎవరో ఆ ఆసిడ్ డబ్బాలో ఒంపేశారట.

ల్యాబుకి తాళం పడింది. ఆ వారంలోనే హెడ్డు మళ్ళీ ఓనరుకి ఫోన్ చేశారు. ఈసారి గొంతు తగ్గింది.

“ఆ గడ్డం డ్రైవర్నే పంపండి. చీటీలు ఆయన చెప్పినట్టే రాస్తాం.”

“మీరే కదా సార్ తీసేయమన్నారు! ఆ రోజే తీసేశాం. ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో తెలీదు.”

హెడ్డు వరండా మెట్టు మీద కూలబడ్డారు. సిగ్గేసింది. వాచ్‌మన్ తాళం చెవుల గుత్తితో దగ్గరికొచ్చాడు.

“ఆ గడ్డం డ్రైవరు ఒకప్పుడు ఇక్కడే డబ్బాలు మోసేవాడు సార్.”

“ఇక్కడా?”

“ల్యాబు తగలబడిన రోజు అందరూ బయటికి పరిగెడుతుంటే ఆయనొక్కడే లోపలికి పరిగెత్తాడు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ భుజాన వేసుకొచ్చాడు. ఆచార్యులవార్ని కూడా ఆయనే మోసుకొచ్చాడు. మెడ కాలిపోయింది, అందుకే ఆ మఫ్లరు.”

“ఆ రోజే ఎందుకు చెప్పలేదయ్యా నాకు?”

“చెప్తానన్నాను సార్. ‘రాయి మీద ఉన్నాను కదరా, మళ్ళీ నోటితో ఎందుకు’ అని నవ్వేసి వెళ్ళిపోయాడు.”

హెడ్డు గబగబా ఫలకం దగ్గరికి వెళ్ళారు. తను రాసిందే, అయినా మొదటిసారి చూస్తున్నట్టు మళ్ళీ మళ్ళీ చదివారు.

“ఇందులో ఆయనెక్కడున్నాడు?”

వాచ్‌మన్ వేలు ఆచార్యులవారిని దాటి, అధ్యాపకులను దాటి, ‘వగైరా’ మీద ఆగింది.